మునేటి ఇసుకలో చెలమ

గరగర... గరగర...

ఎండిన మునేట్లో చేత్తో ఇసుక తవ్వుతున్న చప్పుడు.

తవ్వుతున్నది సూర్యతేజ. మహతి తమ్ముడు.

ఇప్పుడు లేడు.

చప్పుడు ఉంది. జగ్గయ్యపేటలో, నాన్న కిరాణా కొట్టు పైన మేడగదిలో, మహతి హెడ్‌ఫోన్స్‌లో.

ఇద్దరూ కలిసి మొదలుపెట్టిన ఆల్బమ్ పేరు ‘ఎడారి’. డప్పు మీద ర్యాప్. గిటారు పక్కన నాట్ల పాట. అన్నీ కలిపేశారు, ఎవరేమనుకుంటే మాకేం అని. ఎడారిని మాత్రం ఇద్దరిలో ఎవరూ చూడలేదు. నందిగామ దగ్గర, మే నెల మునేరే వాళ్ల ఎడారి. కనుచూపు మేర ఇసుక... ఇసుక మీద వడగాలి.

చివరి పాట చెలమతో ముగియాలన్నాడు తమ్ముడు. ఏటి ఇసుకలో గుంట తవ్వాలి. నీరు ఊరేదాకా కూర్చోవాలి. ఆ ఊరే చప్పుడుతో ఆల్బమ్ అయిపోవాలి.

ఒక్కడే వెళ్లి రికార్డు చేశాడు. తవ్వడం ఉంది. రొప్పడం ఉంది. “అక్కా, తడి తగిలిందే! ఆగు...” అన్న మాట ఉంది.

తర్వాత ఏమీ లేదు.

ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. తిరిగొస్తుంటే, చిల్లకల్లు దగ్గర లారీ.

“ఏదో ఒక నీళ్ల చప్పుడు పెట్టెయ్యండి, ఎవరికి తెలుస్తుంది?” అన్నారు స్టూడియో వాళ్లు.

మహతికి ఒళ్లు మండింది. ఆ నీరు ఊరితే గాని తమ్ముడు ఆ గుంట దగ్గర నుంచి లేవడు. ఎంత వద్దనుకున్నా ఆమెకు అలాగే అనిపిస్తుంది.

ఈ ఎండాకాలం మహతి ఆ చప్పుడు కోసం మునేటికి బయలుదేరుతుంటే, అమ్మ బాలామణి చెప్పులు వేసుకుంది. కొడుకు పోయాక ఆ దారి తొక్కని మనిషి.

“నేనూ వస్తానే.”

మహతి మైకు ఇసుకలో గుచ్చి, దానికి తగిలించిన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తవ్వింది. అమ్మ కూడా తవ్వింది.

మోచేతి లోతు. పొడి.

భుజం లోతు. పొడి.

ఇసుక లారీలు ఏటిని ఎంత తోడేశాయో... నీరు ఎంత కిందికి పారిపోయిందో...

“రాదేమోనమ్మా.”

“వాడికి తగిలింది కదే తడి! ఇంకొంచెం తవ్వు.”

తవ్వారు. గోళ్లు చిట్లాయి. అమ్మ ఇక ఆపుకోలేక, ఇసుక చేతులు ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. మహతి కూడా తవ్వడం ఆపేసింది.

గాలి పడిపోయింది.

హెడ్‌ఫోన్స్‌లో మాత్రం —

గరగర... గరగర...

మహతి హెడ్‌ఫోన్స్ తీసి అమ్మ చెవులకు పెట్టింది.

అమ్మ ఏడుపు ఆగింది. గుంటలోకి వంగింది.

“ఉండరా నాయనా... మేమూ తవ్వుతున్నాం.”

గరగర... గరగర...