అచ్చులో కళ్ళు తెరిచిన పిల్ల

లండన్‌లో మా పేదల పేట బెత్నల్ గ్రీన్‌లో బతికున్నవాళ్ళకే గది చాలదు. అయినా ఇంట్లో ఎవరైనా పోతే ఆదివారం దాకా అక్కడే ఉంచుకుంటాం. మిగతా రోజుల్లో పని మానుకుని శవపేటిక వెంట ఎవరు నడవగలరు? ఈలోగా చర్చి తరఫున పేదల సంగతి చూసే పారిష్ వాళ్ళకి తెలిసిందా, ఎత్తుకుపోయి దిక్కులేనివాళ్ళ గోతిలో పడేస్తారు. కెజాయా భయమంతా అదే.

ఆమె మా కింద గదిలో అగ్గిపెట్టెలు అంటిస్తుంది. కూతురు టాబిత గొంతువాపుతో బుధవారం పోయింది. మర్నాడే ఊడిపడ్డాడు పత్రిక దొర. మాలాంటివాళ్ళ బతుకులు అడిగి తెలుసుకుని ప్రతి శనివారం అచ్చు వేయిస్తాడు. సాయానికి వెళ్ళిన నేను అక్కడే జిగురు కలుపుతున్నాను.

"ఆ మూల పడుకుంది మీ అమ్మాయా?" అన్నాడు.

"అవును బాబూ. రాత్రంతా పనిచేసి ఇప్పుడే కునుకు తీసింది. లేపకండి," అంది కెజాయా, చెయ్యి ఆపకుండా.

ఆయన పాపం గొంతు తగ్గించి మాట్లాడాడు. జిగురు కంపు మమ్మల్ని కాపాడింది.

శనివారం పత్రిక వచ్చింది. మెట్ల మీద కూర్చుని అందరికీ చదివిపెట్టేది నేనే. పిల్లది 'దిగులెరగని నిద్ర' అని రాశాడు. కెజాయా మళ్ళీ చదవమంది. చదివాను. మళ్ళీ అంది.

"నీకేమైనా పిచ్చా?" అని కసిరాను.

అది చదివి ఆ సాయంత్రమే ఒక గొప్పింటావిడ పిల్లకి బూట్లు పట్టుకొచ్చింది.

"లేపమ్మా, తొడిగి చూద్దాం."

"వద్దమ్మగారూ, ఒంట్లో బాగాలేదు. నేనే తొడుగుతాను," అంటూ కెజాయా దుప్పటి కొస ఎత్తి, బిగుసుకుపోయిన ఆ పాదాలకి బూట్లు ఎక్కించింది. నేను కొవ్వొత్తికి అడ్డంగా నిలబడ్డాను. ఆవిడ మురిసిపోయి వెళ్ళింది.

శవపేటిక మూసేముందు, "బూట్లయినా తీసి ఉంచవే, తాకట్టుకి పనికొస్తాయి," అన్నాను. కెజాయా చూసిన చూపుకి బూట్లు ఉండగానే మూత దించేశాను. ఆదివారం వీధి వీధంతా వెంట నడిచింది. టాబితని తనకంటూ ఒక గుంటలో పూడ్చాం. హమ్మయ్య, గట్టెక్కామనుకున్నాను.

తరవాతి శనివారం పత్రికలో ఆ బూట్లావిడగారి మాటలు వేశారు. చదువుతూ చదువుతూ ఆగిపోయాను.

"ఆగావేం హెస్టరక్కా? చదువు."

ఏదో ఒకటి కల్పించి చెప్పాల్సింది. నోరు రాలేదు. ఉన్నదే చదివాను. పిల్ల కళ్ళు తెరిచిందట. బూట్లు చూసి నవ్విందట. ఆవిడ వేలు పట్టుకుందట. నలుగురిలో గొప్పకి ఎంత మాటైనా చెప్పేస్తారు, వాళ్ళ నోళ్ళు పడిపోను!

కెజాయా నా పక్కకి జరిగింది.

"అబద్ధమైతే అచ్చు వెయ్యరు కదక్కా?"

"నోర్మూసుకుని ఇంట్లోకి పద."

"బూట్లు తొడిగేటప్పుడు నేను పాదాలే చూశాను. ముఖం చూడలేదు. ఆవిడ చూసిందట." నా చెయ్యి నొప్పిపుట్టేలా పట్టుకుంది. "అంటే శనివారం బతికున్న బిడ్డని... ఆదివారం పూడ్చేశామా అక్కా?"