ఒంటె నాకిన ఉప్పు పలక

నేను ఒక ఉప్పు పలకను. సహారా ఎడారి అడుగున హాయిగా పడుకున్న నన్ను గొడ్డలితో పెకలించి, తలుపు చెక్కలా చెక్కి, తోలుపట్టెలతో ఒంటెకు కట్టారు. అప్పటినుంచి మనుషులంటే నాకు ఒళ్లుమంట.

నా యజమాని అమస్తాన్ కొత్త పెళ్లికొడుకు. భార్య తదలత్‌ను తన ఊరికి తీసుకెళ్తున్నాడు. ఆమె ఖర్జూరం గింజను అతని తలపాగాలో దాచేది. అతను తెలియనట్టు ఒంటె చెవుల్లో వెతికేవాడు. నిప్పులు చెరిగే ఎండలో ఏమిటీ సంబరం! అయినా ఆ గింజ ఈసారి ఏ మడతలో ఉందోనని నేనూ చూసేదాన్ని.

తోలుసంచుల్లో నీళ్లు అడుగంటేసరికి ఒక బావి చేరాం. అది కవ్సన్ అనే పెద్దమనిషిది. ఉప్పు కొనడానికి ఎదురు దిక్కుకు పోతూ, తన బిడారుతో అక్కడే దిగాడు.

"నువ్వు అగ్గలి కొడుకువి కదరా? మీ అయ్య మా ఒంటెల్ని తోలుకుపోయాడు. నీకు చుక్క కూడా పొయ్యను, పో."

"ఇంకో బావి చేరేదాకా బతకం, బాబాయ్."

"బతకమని నేనేమైనా బతిమాలానా?"

ఆ ఎడారిలో ఒక కట్టుబాటుంది. ఎవరి ఉప్పు కడుపులోకి పోయిందో వాళ్లకు నీళ్లు లేవనకూడదు. అమస్తాన్ నా మూల విరిచి చేతిలో పెట్టబోతే కవ్సన్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. చప్పటి గంజి తాగుతూ మూతి ముడుచుకుని కూర్చున్నాడు. చప్పిడి పంతం!

సాయంత్రం అతని పాడి ఒంటె తాడు తెంచుకుని నా దగ్గరికి వచ్చింది. పాపం, ఎన్నాళ్లుగా ఉప్పు లేక మొహం వాచిందో, గరుకు నాలుకతో నాకసాగింది. అమస్తాన్ కర్ర ఎత్తాడు.

"ఉండండి, ఏమండీ! నాకనివ్వండి," అని తదలత్ అతని చెయ్యి పట్టుకుంది. నా ప్రాణం పోతుంటే ఆమెకు నవ్వు!

తెల్లారాక కవ్సన్ ఆ ఒంటెను పితికి, గిన్నెడు పాలు గటగటా తాగి మీసం తుడుచుకున్నాడు. తదలత్ ఖాళీ సంచి పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"పాలు బాగున్నాయా, పెద్దయ్యా? మీ ఒంటె రాత్రి మా ఉప్పే తింది."

నా ఒంటి మీది గుంట చూపించింది. కవ్సన్ గిన్నెకేసి చూశాడు, ఒంటెకేసి చూశాడు. అతని మనుషులు నవ్వు ఆపుకోలేక తలపాగాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"తోడుకోండి," అన్నాడు పళ్లు నూరుతూ. "నీళ్లిచ్చాను గదా అని పలకరించకండి. మీ మొహాలు చూస్తే నాకు అరగదు."

గుంటపడిన నన్ను సంతలో ఎవరూ కొనలేదు. తదలత్ గుడారంలో ఓ మూల నిలబెట్టింది. వంట చేసినప్పుడల్లా నన్ను గీకుతుంది. తరిగిపోతున్నాను. కోపం మాత్రం తరగలేదు.

మరుసటి ఏడు కవ్సన్ బిడారు మా గుడారం ముందు నుంచి పోయింది. అతను ఆగలేదు, పలకరించలేదు. కొంత దూరం పోయి, అటు తిరిగి నిలబడి, పాడి ఒంటె తాడు విప్పి వదిలాడు.

అది తిన్నగా వచ్చి నా పాత గుంటలోనే నాలుక పెట్టింది.