సీసాల మీద బొట్లు

ఆయుధపూజ నాడు కాలేజీ ల్యాబులో త్రాసుకీ, మైక్రోస్కోపుకీ కుంకుమ పెట్టిన యమున, అలమరలోని ఎనిమిది చిన్న సీసాల దగ్గర ఆగింది. మూతలకు బదులు బిగించిన పల్చటి పొర మీద కుంకుమ నిలవలేదు. స్టిక్కరు బొట్లు తీసి, ఒక్కొక్కటీ సరిగ్గా నడిమధ్యన అంటించింది.

పదిహేను రోజుల తరవాత, యమున బల్లలు తుడుస్తుంటే, అక్కడ పరిశోధన చేసే ఝాన్సీలక్ష్మి తన గైడుతో ఫోనులో అంటున్న మాటలు చెవినపడ్డాయి. పొందూరు చేల మట్టిలోని బూజు నుంచి నాలుగేళ్ళు కష్టపడి ఆమె తీసిన సరుకే ఆ సీసాల్లో ఉంది. సూక్ష్మజీవుల్ని చంపే సరుకు.

"ఒక్క స్ఫటికం కట్టలేదు సార్. స్ఫటికం లేకపోతే ఎక్స్‌రేకి ఏటి పంపుతాం? దాని అణువు ఎలా మెలి తిరిగుందో ఎలా తెలుస్తాది? మెల్లగా ఆవిరవ్వాలనే పొర నడుమ సూది బెజ్జం పెట్టాను. వానలకి ఆరలేదేమో. రేపు పారబోసేస్తాను."

యమున చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఇంటర్ మధ్యలో మానేసిన తనకు ఈ టెంపరరీ పని దొరకడమే గొప్ప. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ కొడుకు చెవికి చీము పట్టి, మూడు మందులు మార్చినా జ్వరం దిగనప్పుడు, ఆసుపత్రి వరండాలో పదకొండు రోజులు కూర్చున్నది తనే.

"పారబొయ్యకండి మేడమ్. ఆ బెజ్జాలు నేనే మూసేసినాను."

"దేంతో?"

"బొట్లతో. పండక్కి."

ఝాన్సీ స్టూలు మీద కూలబడింది. "బొట్లు సూసినాను. కదిపితే పాడవుతాయని ముట్టలేదు. బెజ్జం పక్కన అంటించావనుకున్నాను. నీకు కళ్ళు లేవేటి?"

"సూది బెజ్జం కంటికి ఆనలేదు మేడమ్. పని మానిపించినా సరే. ముందు అవి తీద్దాం."

"అంటించింది నువ్వే. నువ్వే తియ్యి. సీసా కదిలిందో, సంపేస్తాను."

నిద్రపోయే కొడుక్కి గోళ్ళు తీసేటప్పటిలా ఊపిరి బిగబట్టి, యమున ఎనిమిదీ ఊడదీసింది.

ఆ వారమంతా గది గుమ్మంలోనే స్టూలు వేసుకుంది. ఫ్యాను వెయ్యబోయిన గుమస్తా నరసింగరావుని, "ఉక్కగుంటే వరండాలో కూకోండి బాబూ" అని వెనక్కి పంపింది.

ఎనిమిదోనాటికి ఏడు సీసాలు జిగురు కట్టాయి. ఎనిమిదోదాని అడుగున, ఆవగింజలో సగం లేని సూదిలాంటి స్ఫటికం ఒకటి తళుక్కుమంది. ఝాన్సీ మైక్రోస్కోపు మీంచి తల ఎత్తి, యమున భుజం గట్టిగా పట్టుకుంది.

"మరి మందు ఎప్పుడొస్తాది మేడమ్?"

"రేపు దీన్ని రైల్లో ఎక్స్‌రేకి తీసుకెళ్తాను. ముందు దీని ఆకారం తెలియాలి. మందంటే ఏళ్ళు పడతాది. అయినా అవుతాదని చెప్పలేం."

"పట్టనీయండి. ఆమదాలవలస స్టేషన్ దాకా ఈ సీసా నా ఒళ్ళో పెట్టుకుంటాను. ఆటోవోడు గోతుల్లో తోలితే వోడి సంగతి నేను సూసుకుంటాను."