గెడ్డ వస్తే ఆగాలి

నాలుగు పేజీల ప్లానులో నానాజీ పేరు ఒక్కచోట కూడా లేదు.

శనివారం సాయంత్రం, అనకాపల్లి బెల్లం మార్కెట్టు దగ్గర ఆగిన కంపెనీ బస్సులో నానాజీ పక్కన కూర్చుని, అతని బావమరిది కనకరాజు తన ఫోనులో ఆ పేజీలను రెండుసార్లు పైకీ కిందికీ జరిపాడు. బస్సు డ్రైవరు కనకరాజే. తెల్లారితే ముప్ఫై ఎనిమిది మంది స్టాఫ్‌ని దేవరాపల్లి అవతలి రిజర్వు ఫారెస్టుకి తీసుకెళ్లాల్సిందీ అతనే.

"దారి సూపించినోడివి నువ్వు. నీ పేరేది బావా?"

"కిందెక్కడో ఉంటాది, సూడు."

"కింద టిఫినోడి పేరుంది. ఇడ్లీకున్న ఇలువ నీకు లేదు."

నానాజీ అచ్యుతాపురంలోని ఓ మందుల కంపెనీలో తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు. నెల కిందట హెచ్ఆర్ ఆఫీసరు వెంకటసాయికృష్ణ అతన్ని పిలిచి, ఎన్నడూ లేనిది, కుర్చీ చూపించాడు.

"స్టాఫ్‌కి ఒక్కరోజు ట్రెక్కింగ్. మీ ఊరు ఆ కొండ కిందేగా, ప్లాన్ నువ్వే వెయ్యాలి. మోడరేట్‌గా ఉండాలి."

"అంటే ఏటండి?"

"చెమట పట్టాలి. ఎవరూ ఏడవకూడదు." నవ్వి, గొంతు తగ్గించాడు. "బాగా జరిగితే సేఫ్టీ సెక్షన్‌లో పర్మనెంట్ పోస్టుకి నీ పేరే రాస్తా."

ఆ ఒక్క మాట మీద నానాజీ మూడు ఆదివారాలు కొండెక్కాడు. ఏడు కిలోమీటర్ల దారి కాళ్లతో కొలిచాడు. నీడ ఎక్కడుందో, రాళ్లెక్కడ జారుతాయో, ఆడవాళ్లు ఎక్కడ కూర్చుని సేద తీరొచ్చో చూసుకున్నాడు. ఫారెస్టు వాళ్ల దగ్గర పర్మిషన్ తెచ్చాడు. ఫొటోలు తీశాడు. అంతా లాంగ్‌బుక్ కాగితాలు రెండింటి మీద తెలుగులో రాసిచ్చాడు. ఆఖరి వాక్యం కింద రెండు గీతలు గీశాడు: "గెడ్డ వస్తే ఆగాలి."

కొండవాగుని అక్కడ గెడ్డ అంటారు. గెడ్డ వచ్చిందంటే వాగు పొంగిందని అర్థం. ఎవరికైనా విడమర్చి చెప్పాల్సిన మాటని అతనికి తోచనే లేదు.

ఇప్పుడు కనకరాజు చేతిలోంచి ఫోను తీసుకుని జరుపుతుంటే, మూడో పేజీ దగ్గర నానాజీ వేలు ఆగిపోయింది. వాగు నడుమ చదునుగా ఉండే పెద్ద రాయి. ప్రమాదమని తను తీసిన ఫొటో. దాని మీద అన్నం ప్లేటు బొమ్మ అంటించారు. పక్కన 'గడ్డ పాయింట్, లంచ్, ఒంటిగంట' అని ఉంది.

గడ్డ. మిట్ట అనుకున్నాడు ఆఫీసరు. మిట్ట వస్తే అక్కడ ఆగి భోంచెయ్యమని నానాజీ రాశాడనుకున్నాడు.

ఇంటికెళ్లి భార్య సుప్రియకి చెప్పాడు. ఆమె పప్పు కడుగుతూనే వింది.

"నోరు మూసుకుని కూకో మావా. పేరు ఆల్దయినప్పుడు తప్పూ ఆల్దే."

కొండల వైపు ఆకాశం నల్లబడి ఉంది. పప్పు ఉడికేదాకా నానాజీ నోరు మూసుకునే కూర్చున్నాడు. తొమ్మిదేళ్లు కళ్ల ముందు తిరిగాయి. ఆ రాయి మీద ముప్ఫై ఎనిమిది ప్లేట్లూ తిరిగాయి. ఫోను తీశాడు. మూడోసారికి ఆఫీసరు ఎత్తాడు.

"పేరు గురించైతే నా చేతుల్లో లేదు నానాజీ. కాంట్రాక్టు వాళ్లకి ఇన్సూరెన్సు వర్తించదు."

"పేరు కాదండి. భోజనాలెక్కడండి?"

"గడ్డ మీద. నువ్వే రాశావుగా."

"గెడ్డంటే మిట్ట కాదు సార్. మీ వేపు వాగంటారు సూడండి, అదండి. ఆ రాయి దాని నడుమనుంది. పైన వాన పడితే పావుగంటలో మునిగిపోద్ది."

ఆఫీసరు గొంతు తగ్గించాడు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదండి."

"చెప్పకు. నేను మారుస్తా."

ఆదివారం ఒంటిగంటకి కొండల మీద వాన దిగింది. నానాజీ ఇంట్లో అన్నం ముందు కూర్చుని, తినకుండా ఫోను చూస్తూ ఉండిపోయాడు. ఒంటిగంటన్నరకి మోగింది.

"గెడ్డొచ్చేసింది బావా!" కనకరాజు అరుస్తున్నాడు. "ఆ రాయి కానరాట్లేదు. అందరం ఇవతలే ఉన్నాం. సారుకి సప్పట్లు కొడతన్నారు."

"ఏటికి?"

"ముందే కనిపెట్టేడంట."

సోమవారం సేఫ్టీ క్లాసు. తెర మీద అదే రాయి. ఎదురుగా దేవరాపల్లి, కోటవురట్ల ఊళ్లనుంచి వచ్చే కాంట్రాక్టు వర్కర్లు.

"గడ్డ అంటే ఏంటో మీలో ఎవరికైనా తెలుసా?" అడిగాడు వెంకటసాయికృష్ణ.

పుట్టినప్పటినుంచీ గెడ్డల్లో ఈదినవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరూ చెయ్యెత్తలేదు. ఆయనే వివరించాడు. పావుగంట వివరించాడు.

క్లాసయ్యాక నానాజీ ఆయన గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఈసారి ఎవరూ కుర్చీ చూపించలేదు.

"సార్, ఆ సేఫ్టీ పోస్టు..."

"చూద్దాం నానాజీ. కానీ దాంట్లో అంతా రాతపని. రిపోర్టులు, రూల్సు. ఒక్క మాట తప్పు రాస్తే ప్రాణాలు పోతాయి. భాష కావాలి."

నానాజీ గుమ్మం దాటి లోపలికొచ్చాడు. టేబుల్ మీద తెరిచి ఉన్న ఫైల్లోంచి తన లాంగ్‌బుక్ కాగితాలు రెండూ లాగి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఏయ్, అవి రికార్డు! ఫైల్లో ఉండాలి."

"మీకు సదవడం రాదు గదండి," అన్నాడు నానాజీ. అని, షిఫ్టు గంట కొట్టినా వినబడనట్టు, నెమ్మదిగా మెట్లు దిగాడు.