కొమురమ్మ పాటలో రెండో సగం

హన్నా టీచర్‌కు ఎడమ చెవి వినిపించక ఏడాదైంది. చిన్నప్పుడు తెనాలి చర్చిలో పాటలకు వయొలిన్ పట్టిన పిల్ల, తర్వాత గురువుగారి దగ్గర పన్నెండేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకుంది. ముప్పై ఏళ్లు కచేరీలు చేసింది, పాఠాలు చెప్పింది, నాలుగు వర్ణాలు కట్టింది. చెవి పోయాక తన శ్రుతి మీద తనకే నమ్మకం పోయింది. శిష్యులను వేరేచోటికి పంపేసి, కొత్తగూడ ఫ్లాటులో వయొలిన్‌ను పెట్టెలో పెట్టి మూసేసింది.

ఒక వాన ఉదయం మబ్బు తొమ్మిదో అంతస్తు దాకా దిగింది. కిందున్న ఫ్లైఓవర్ మాయమైంది. ఇల్లు తెల్లటి నీళ్లలో తేలుతున్నట్టుంది. బయట వరండా తుడుస్తూ పనిమనిషి మల్లమ్మ ఏదో పాడుకుంటోంది.

"ఏం పాట మల్లమ్మా అది?"

"నాట్ల పాట టీచరమ్మా. మా అమ్మ కొమురమ్మ పాడేది, జనగామ దిక్కు. నాకు సగమే యాదికున్నది."

"మిగతాది?"

"అమ్మతోనే పోయింది. ఇగ యాడ దొరుకుతది?"

హన్నా పెట్టె తెరిచింది. నేల మీద కూర్చుని వయొలిన్‌ను ఎడమ భుజానికి ఆనించి, మల్లమ్మ పాడిన వరస మెల్లగా వాయించింది. ఎడమ చెవికి అందని నాదం భుజం ఎముకలోంచి లోపలికి పాకింది. నీళ్ల అడుగు నుంచి ఎవరో పేరు పెట్టి పిలిచినట్టయింది. ఆమె కళ్లు మూసుకుని అదే వరస మళ్లీ వాయించింది.

రెండు నెలలు పొద్దున్నే మల్లమ్మ పాడింది, హన్నా వాయించింది. మిగతా సగం తానే కట్టి ఒకరోజు వినిపించింది.

మల్లమ్మ తల అడ్డంగా ఊపింది. "గిది మా అమ్మది కాదు. అమ్మ పాట మడిలనే ఉంటది. గిది మబ్బులకు పోతున్నది."

"తీసెయ్యమంటావా?"

"ఎందుకు? మంచిగున్నది. నీదని చెప్పు, అంతే."

కొన్నాళ్లకు రాయదుర్గంలో ఒక ఆఫీసు హాల్లో సాయంత్రం హన్నా కచేరీ. హన్నా మైకు అందుకుంది. "మొదటి సగం కొమురమ్మ గారిదండి. రెండోది నాది."

అద్దాల గోడల వెనక వెలుగు పసుపు రంగులోకి తిరుగుతోంది. రెండో సగంలో ఒకచోట శ్రుతి జారింది. అది హన్నాకు భుజంలో తెలిసింది. సరిచేసుకుని ముందుకు సాగింది. ముందు వరసలో మల్లమ్మ కళ్లు మూసుకుంది. ఆమె వేళ్లు ఒళ్లో నారు నాటుతున్నట్టు కదులుతున్నాయి.