డివైడరు మీద పెట్టె

ఆ పొద్దున ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. మంచు ఆనవాలు లేదు. ముందురోజు ఈ వెలుగు ఉంటే ప్రకాశం ఈపాటికి మినపచేలో ఉండేవాడు. జ్ఞానానందం గుమ్మంలో నిలబడి ఒకసారి పైకి చూసి, తల దించుకున్నాడు. లోపల ఐసు పెట్టెలో తమ్ముడున్నాడు.

తెనాలి నుంచి రేపల్లె పోయే రోడ్డు వెడల్పు చేసి రెండేళ్లయింది. రోడ్డుకి ఇటు పల్లె. అటు పొలాలు, పల్లెవాళ్ల సమాధుల తోట. మధ్యలో నడుమెత్తు సిమెంటు డివైడరు, అందులో గన్నేరు మొక్కలు. కూలికెళ్లేవాళ్లు అది ఎక్కి దిగాల్సిందే. నిన్న మంచులో ప్రకాశం ఎక్కాడు. దిగినచోటికి లారీ వచ్చింది.

డివైడరులో సందు ఉంచమని అడక్కపోలేదు. ఊరి పెద్దమనిషి కొండలరావే అందర్నీ వెంటబెట్టుకుని ఇంజినీరు దగ్గరికి తీసుకెళ్లాడు. మాట్లాడింది ప్రకాశం. "మా కూలి అవతలేనండి, మా చావూ అవతలేనండి. దాటడానికి ఇంత దారి ఉంచండి" అన్నాడు. సందు వచ్చింది. పల్లె ముందు కాదు, అరమైలు అవతల, కొండలరావు కట్టిన ఫంక్షన్ హాలు గేటుకి ఎదురుగా.

"నా నోటి చలవేరా అన్నయ్యా, ఆ హాలుకి దారి" అని నవ్వేవాడు ప్రకాశం. ఆ నవ్వు జ్ఞానానందానికి నచ్చేది కాదు.

తొమ్మిదింటికి కొండలరావు వచ్చాడు. చెప్పులు విడిచి, శవానికి దణ్ణం పెట్టి, జ్ఞానానందాన్ని పక్కకి పిలిచాడు.

"ఎన్నింటికి తీస్తున్నార్రా?"

"పదకొండింటికండి. పాస్టరుగారు రాగానే."

"అదే చెబుదామని. హాల్లో పెళ్లి, ముహూర్తం కూడా అప్పుడే. మగపెళ్లివారు బాపట్ల వాళ్లు, పట్టింపులెక్కువ. సరిగ్గా గేటు ముందు మీరు ఎదురైతే..." ఆగాడు. "సాయంత్రం దాకా ఉంచలేరా?"

"కోసి కుట్టిన శవమండి."

"పోనీ వ్యాన్ పంపిస్తా. వేమూరు దగ్గర ఇంకో సందుంది, అక్కడిదాకా పోయి తిరిగి రండి."

ఆ పల్లెలో శవప్పెట్టెని బండి ఎక్కించరు. ఇంటి నుంచి గుంట దాకా భుజాల మీదే పోవాలి, పాట తెగకూడదు. అమ్మా నాన్నా అలాగే పోయారు. తమ్ముణ్ణి కూడా అలా పంపితే చాలనుకున్నాడు జ్ఞానానందం. ఇంకేం చెయ్యగలడు?

గోడకానుకుని కూర్చున్న ప్రకాశం భార్య రిబ్కా అంతా వింది.

"బావగారూ, ఆయన రోజూ పోయే దారినే తీసుకెళ్దాం" అంది.

"మీ సందులోకి రామండి" అన్నాడు జ్ఞానానందం.

కొండలరావు మొహం తేటపడింది. దాచుకోబోయాడు గానీ జ్ఞానానందం చూడనే చూశాడు.

పెట్టె లేచింది. పాట లేచింది. రోడ్డంచున అందరూ ఆగారు. జ్ఞానానందం ముందుకెళ్లి చెయ్యెత్తాడు. బస్సు ఆగింది. దాని వెనక లారీ ఆగింది. మోటారు సైకిలు మీద ఒకతను ఫోన్ తీసి వీడియో పట్టాడు.

"బతికున్నప్పుడు చెయ్యెత్తితే ఒక్కడూ ఆగలా," అన్నాడు పెట్టె మోస్తున్న సింగయ్య. ప్రకాశం, అతనూ ఒకే ముఠాలో కూలిచేసేవాళ్లు. "ఇప్పుడు మర్యాద."

నలుగురు అవతలికి దూకి చేతులు చాచారు. పెట్టెని డివైడరు మీద ఆనించారు. ఒక కొస గన్నేరు కొమ్మల్లో చిక్కుకుంది, కదల్లేదు. అటు బండ్లు హారన్లు మొదలుపెట్టాయి. ఇటు బస్సు కూడా అందుకుంది. పాస్టరు జార్జిగారు గొంతు పెంచారు, మోసేవాళ్లకి ఊపిరి చాలలేదు. పాట తెగింది.

జ్ఞానానందం కొమ్మలు విరిచి పారేశాడు. పెట్టె అవతలికి జారింది. రిబ్కా చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని డివైడరు ఎక్కింది. దిగేచోట నిన్న రక్తం మీద పోసిన ఇసక ఇంకా ఉంది. పక్కకి అడుగేసి దిగింది. అవతలి గట్టు ఎక్కాక పాట మళ్లీ ఎత్తుకున్నారు గానీ, అది ముందటి పాటలా లేదు.

తిరిగొచ్చి కాళ్లు కడుక్కునేసరికి పల్లె ముందు ఆటో ఉంది. గిన్నెల నిండా పులిహోర, గుత్తివంకాయ, బూరెలు.

"కొండలరావుగారు పంపించారండి. పెళ్లి బాగా జరిగింది" అన్నాడు ఆటోవాడు. ఏం అన్నాడో తెలిసి నాలుక కరుచుకున్నాడు.

"తీసుకెళ్లి కాలవలో పోసెయ్" అన్నాడు సింగయ్య.

జ్ఞానానందం గిన్నె మీద చెయ్యేశాడు. ఎత్తి విసిరేవాడే. రిబ్కా వచ్చి ఆ చెయ్యి తీసింది.

"పల్లెలో పొయ్యి వెలగలేదు బావగారూ. మీరు పారబోస్తే వీళ్లందరికీ ఏం పెట్టను?"

ఆకులు వేసింది. బావగారికే మొదట వడ్డించింది. జ్ఞానానందం బూరె కొరికాడు. రుచిగా ఉంది. సింగయ్య కూడా వచ్చి కూర్చున్నాడు.

రిబ్కా మారు వడ్డించుకుంటూ వచ్చింది. ఒక్కరూ ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టలేదు.