రంగూన్ వెళ్ళని ముత్తాత

మా ముత్తాత ఏసోబు పెళ్ళాంబిడ్డల్ని వదిలేసి రంగూన్ పారిపోయాడని మా ఇంట్లో మూడు తరాలుగా ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాం. పాత జనాభా లెక్కల నకళ్ళు చూశాక నాకు ఒళ్ళు మండింది. 1921లో ఆయన సొంత భూమి సాగుచేసుకునే రైతు. 1931లో ఆయన పేరే లేదు. ఆయన భార్య వితంతువు, కూలి. పారిపోయినవాడి పెళ్ళాన్ని వితంతువని ఎవరు రాయించినట్టు?

మా ముత్తాత ఊరు అల్లవరం వెళ్ళి, ఇప్పుడు ఆ భూమిలో కొబ్బరితోట ఉన్న తాతబ్బాయిగారిని అదే అడిగాను.

"ఆయ్, మా తాతగారేనండి. అప్పుడాయన మునసబు. సర్కారు లెక్కల్లో అబద్ధం రాయించేవారు కాదండి. ముందు బొండం తాగండి, ఎండన పడి వచ్చేరు."

మా అమ్మమ్మని అరుగు ఎక్కనివ్వని ఇంట్లో నాకు కుర్చీ వేశారు. బొండం తియ్యగా ఉంది. నా కోపం కాస్త మెత్తబడింది కూడా.

"ఆయన చనిపోయినట్టు మీ తాతగారికెలా తెలుసండీ?"

"కొట్టించింది ఆయనే కదండీ. గట్టు తగాదా. రంగూన్ వెళ్ళేడని మీవాళ్ళకి చెప్పిందీ ఆయనే." ఆయన గొంతులో మర్యాద ఏమాత్రం తగ్గలేదు. "గొడ్డు చస్తే పూడ్చి పైన కొబ్బరి మొక్క వేస్తాం కదండీ. ఏసోబుకీ అలాగే చేసేరు. ఆ చెట్టు తుపానుకి పడిపోతే, దాని కాయే మళ్ళీ అక్కడ పాతేం. బాగా కాస్తదండి."

నా చేతిలో ఖాళీ బొండం చూసి, తోటలోకి కేకేశాడు.

"అమ్మగారికి ఆ చెట్టుదే ఇంకోటి కొట్టరా!"